కింది దవడ వ్యాజ్యం

ఈ వ్యాజ్యంలో వాది మా మామయ్య. గుంటూరులో పళ్ళ ల్యాబు పెట్టి ముప్ఫై ఏళ్ళకు పైగా కట్టుడు పళ్ళు తయారుచేసిన మనిషి. ప్రతివాది ఆయన మేనకోడలు, అంటే మా చెల్లెలు. హైదరాబాదులో పళ్ళ డాక్టరు. ఎండీఎస్ చదివింది కట్టుడు పళ్ళలోనే, ఇప్పుడు చేసేవి ఎక్కువగా ఇంప్లాంట్లు. వ్యాజ్యం మా అత్తయ్య కింది దవడ గురించి.

అత్తయ్యకి 67 ఏళ్ళు, షుగరుంది. నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. పై సెట్టు అంగిటికి అతుక్కుని బుద్ధిగా ఉంటుంది. కింది సెట్టు మాత్రం నవ్వితే లేస్తుంది, తుమ్మితే చేతిలోకొస్తుంది. ఇంప్లాంటు అంటే తెలియని వారికి ఒక్క మాట. పోయిన పంటి వేరు ఉన్నచోట దవడ ఎముకలోకి దించే చిన్న టైటానియం మర అది. ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను బిగిస్తారు. ఇద్దరి మాటలూ విన్నంతవరకు రాశాను. తూకం సమంగా వేశానని మాత్రం అనను.

మామయ్య: ఆ కింది సెట్టు నేనే చేశానమ్మాయ్. మైనం మీద పన్ను పన్ను ఈ చేత్తోనే పేర్చాను. ఈ చుట్టుపక్కల ఎంతమంది పెద్దవాళ్ళు నా పళ్ళు పెట్టుకుని మనవళ్ళ పెళ్ళిళ్ళలో భోంచేశారో నీకు తెలుసు. ఇప్పుడు నువ్వొచ్చి దవడకి బెజ్జాలు వేస్తానంటున్నావు. కుర్చీ కాలు ఊగుతోందని మేకు కొట్టినట్టుంది నీ వైద్యం.

మేనకోడలు: సెట్టు బాగోలేదని నేనన్నానా మామయ్యా? సెట్టు లక్షణంగా ఉంది. అది కూర్చోడానికి కింద ఎముకే లేదు. అత్తయ్య అచ్చులు నీ అలమరలో ఉన్నాయిగా, పాతదీ కొత్తదీ రెండూ తీసుకురా.

(తెచ్చాడు. మామయ్య అచ్చులు పారేయడు. ప్రతి ప్లాస్టర్ అచ్చు అడుగునా పెన్సిలుతో పేరు, తేదీ ఉంటాయి. మొదటిది పళ్ళు తీయించిన కొత్తలోది. చిగురు గట్టు వేలెడు మందాన గుండ్రంగా నిలబడి ఉంది. రెండోది మొన్న సెట్టు అడుగు మళ్ళీ పోసినప్పటిది. అందులో గట్టు లేదు. నాలుక వైపూ బుగ్గ వైపూ పల్లమై, మధ్యన సన్నటి గీత మిగిలింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెడితే ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాలేదు.)

మేనకోడలు: చూశావా? పన్ను ఉన్నంతకాలం నమిలిన ప్రతిసారీ వేరు ఎముకను లాగుతుంది. ఆ లాగుడే దాన్ని బతికిస్తుంది. పన్ను పోతే ఎముకకి పని పోయినట్టే, కరగడం మొదలుపెడుతుంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే గట్టు వెడల్పు దాదాపు సగం పోతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లో. సెట్టు ఏం చేస్తుంది? లాగదు, పైనుంచి నొక్కుతుంది. ఆంట్యే టాల్‌గ్రెన్ అనే ఆవిడ సెట్లు పెట్టుకున్న వాళ్ళ దవడలను పాతికేళ్ళపాటు ఎక్స్‌రేల్లో గమనించి 1972లో ప్రచురించింది. పై దవడ కంటే కింది దవడ నాలుగింతలు అరుగుతుందని తేలింది. అత్తయ్య నోట్లో జరిగిందీ అదే.

మామయ్య: ఆ సంగతి నాకు పుస్తకం చెప్పాలా? అందుకేగా అడుగు మళ్ళీ మళ్ళీ పోస్తున్నాను. పై సెట్టుకి అంగిలంతా ఆధారం, ఉమ్మితో అతుక్కుంటుంది. కిందిది గుర్రపు లాడం ఆకారం, మధ్యలో నాలుక. అది ఊరుకుంటుందా, తోస్తూనే ఉంటుంది. కింది సెట్టు కదలడం వందేళ్ళ నుంచీ ఉన్నదే. అలవాటు పడాలి. మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, పడలేదూ?

మేనకోడలు: పడింది. పడి ఏం తింది చివరి పదేళ్ళు? మజ్జిగన్నం, ఇడ్లీ, పప్పులో నానబెట్టిన ముద్ద. పూర్తి సెట్టుతో కొరికే బలం సొంత పళ్ళ బలంలో నాలుగో వంతో ఐదో వంతో మామయ్యా. అత్తయ్య షుగరు మనిషి. ఆకుకూర, పచ్చి కూరగాయ, శనగలు, వేరుశనగ పలుకులు తినమంటాడు ఆమె డాక్టరు. అవన్నీ నమలలేక ఆమె మెత్తటి తెల్లన్నానికి దిగింది. పళ్ళు లేకపోవడం షుగర్లోకి పోతోంది, నువ్వు అలవాటంటున్నావు.

మామయ్య: సరే, అది ఒప్పుకున్నా. ఇంతకీ ఎముకలో ఇనుము దిగేస్తే అది ఊరుకుంటుందని ఎవడికి తట్టింది?

మేనకోడలు: ఇనుము కాదు, టైటానియం. తట్టింది కూడా పళ్ళ డాక్టరుకి కాదు. పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అని స్వీడన్‌లో ఎముకల మీద పరిశోధన చేసేవాడు. 1952లో లుండ్‌లో కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడ్డానికి టైటానియంతో చేసిన చిన్న గొట్టం లాంటి పరికరం బిగించాడు. పరిశీలన అయ్యాక ఊడదీయబోతే రాలేదు. ఎముక దానికి అతుక్కుని ఎదిగింది. ఖరీదైన పరికరం, ఇంకోసారి వాడుకుందామనుకున్న వాడికి మొదట చికాకే కలిగి ఉంటుంది. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే మనిషి కింది దవడలో నాలుగు మరలు దించాడు. ఆయనకి పుట్టుకతో దవడ లోపం, కింద పళ్ళు లేవు. 2006లో చనిపోయేదాకా ఆ నాలుగింటి మీదే తిన్నాడు. నలభై ఏళ్ళు.

మామయ్య: ఒక్క స్వీడన్ ఆయన పేరు చెప్పి ఊళ్ళో అందరి దవడలకీ హామీ ఇస్తావా? పైగా ఆయన్ని చూసుకున్నది ఆ విద్య కనిపెట్టిన ప్రొఫెసరు. మన ఊళ్ళో మామూలు మనిషిని ఎవరు చూస్తారు? అదీగాక, ఆ బ్రోనెమార్క్‌ని సాటివాళ్ళే చాలాకాలం నమ్మలేదని నువ్వే చెప్పావు ఒకసారి.

మేనకోడలు: నమ్మలేదు. 1982లో కెనడాలో, టొరంటోలో పెట్టిన సభలో ఆయన లెక్కలు బయటపెట్టాకే అమెరికా వైపు వాళ్ళు తలూపారు. అంతకు ముందు ఎముకలో రేకులు దించారు, చిగురు కింద లోహపు చట్రాలు పరిచారు. చాలావరకు వదులై, చీము పట్టి, ఎముకను కూడా తీసుకుపోయాయి. అందుకని అనుమానపడటం తప్పనను. కానీ ఇప్పుడు లెక్కలున్నాయి. సరిగ్గా వేసిన ఇంప్లాంట్లలో పదేళ్ళకి నూటికి తొంభై ఐదు దాకా నోట్లోనే ఉంటున్నాయి.

మామయ్య: అక్కడే పట్టుకుంటా నిన్ను. నోట్లో ఉండటం వేరు, బాగుండటం వేరు. మీ స్వీడన్ వాళ్ళే 2016లో అచ్చేసిన లెక్క ఉందిగా. పోయిన సంక్రాంతికి నువ్వే ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నా.

మేనకోడలు: విని దాచుకున్నావన్నమాట, ఇవాళ్టికి.

మామయ్య: దాచుకోనా మరి.

(ఆ లెక్క ఇది. ఇంప్లాంటు వేయించుకున్న దాదాపు 600 మందిని తొమ్మిదేళ్ళకి పిలిచి చూశారు. నూటికి 45 మందిలో మర చుట్టూ ఎముక ఎంతో కొంత అరిగే జబ్బు మొదలైంది. 14, 15 మందిలో అది బాగా ముదిరింది. పళ్ళు శుభ్రంగా ఉంచుకునే దేశమని మనమనుకునే చోట సంగతి ఇది. ప్రకటనల్లో ఈ అంకె నేనెక్కడా చూడలేదు.)

మేనకోడలు: ఆ లెక్క నిజమే, కాదనను. సొంత పంటికీ ఎముకకీ మధ్య సన్నటి నారపోగుల పొర ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే నీకు టక్కున తెలిసేది దానివల్లే. ఇంప్లాంటుకి ఆ పొర లేదు, మర నేరుగా ఎముకకి అతుక్కుంటుంది. చిగురు కూడా దాని మెడ చుట్టూ ఊరికే ఆనుకుంటుంది, పంటిని పట్టుకున్నట్టు పట్టుకోదు. పాచి పేరుకుంటే లోపలికి దారి సులువు. నరం లేదు కాబట్టి నొప్పి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఎక్కువమంది నా దగ్గరికి వచ్చేది రక్తమో చీమో కనిపించాక. అప్పటికి సగం ఎముక పోయి ఉంటుంది.

మామయ్య: మరి?

మేనకోడలు: మరి ఏముంది, ఎవరికి వేయాలో ఎవరికి వేయకూడదో తెలిసి ఉండాలి. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోగొట్టుకున్న మనిషికి, ఆ జబ్బు నయం చేయకుండా ఇంప్లాంటు వేస్తే అదే జబ్బు మళ్ళీ మరకి పడుతుంది. పొగ తాగేవాళ్ళలో విఫలమయ్యే అవకాశం దాదాపు రెట్టింపు. గుట్కా నమిలిన కుర్రాళ్ళు వస్తారు, నోరు రెండు వేళ్ళ పట్టు కూడా తెరుచుకోదు, డ్రిల్లు ఎక్కడ పెట్టను? ఒకసారి శ్రీకాకుళం వైపు క్యాంపులో అడ్డపొగ తాగే ముసలమ్మలను చూశాను. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారు. అంగిలి తెల్లగా మందమై, మధ్య మధ్య ఎర్ర చుక్కలు. పళ్ళు కావాలని వచ్చారు వాళ్ళు. పళ్ళు తర్వాత, ముందు ఆ అంగిట్లో ముక్క తీసి పరీక్షకి పంపాలి. అలాంటి వాళ్ళకి మర వేయను. ఎంత డబ్బిచ్చినా సరే.

మామయ్య: నువ్వు వేయవు. నీ పక్క వీధిలో వాడు వేస్తాడు. సరే, మీ అత్తయ్య సంగతి చెప్పు. షుగరుండగా పుండు మానుతుందా?

మేనకోడలు: మూడు నెలల షుగరు పరీక్ష 7.1 వచ్చింది. అదుపులో ఉన్నట్టే. తొమ్మిదో పదో ఉంటే ముందు షుగరు దించుకుని రమ్మనేదాన్ని. నేను భయపడింది ఇంకోదానికి. అత్తయ్యా, ఎముకల బలానికి వారానికొకటి వేసుకునే మాత్ర ఏమైనా ఇచ్చారా నీకు?

అత్తయ్య: లేదే. క్యాల్షియం ఇచ్చారు. ఎందుకు?

మేనకోడలు: ఆ మాత్రలు ఎముక అరగకుండా ఆపుతాయి కానీ, దవడలో గాయం చేస్తే మానకుండా ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. మాత్రలతో తక్కువ, క్యాన్సరుకి నరంలో ఇచ్చే ఇంజెక్షన్లతో చాలా ఎక్కువ. 2003 నుంచీ దీని గురించి వైద్య పత్రికలు రాస్తూనే ఉన్నాయి. అయినా పళ్ళ డాక్టరుకి ఆ మాత్ర సంగతి చెప్పాలని పేషెంట్లకి తోచదు, మోకాలి మందుకీ పంటికీ సంబంధమేంటి అనుకుంటారు.

మామయ్య: ఇక డబ్బు సంగతికి వద్దాం. ఒక్కో మర, పైన క్యాపుతో కలిపి ఎంత తీసుకుంటున్నారు మీ ఊళ్ళో?

మేనకోడలు: పాతికవేల నుంచి అరవై వేల దాకా. కంపెనీని బట్టి, డాక్టరుని బట్టి.

మామయ్య: కంచన్‌బాగ్‌లో మన మిధాని కంపెనీ టైటానియం కరిగించి మిశ్రలోహాలు పోస్తుంటే, గోరంత మర స్విట్జర్లాండ్ నుంచీ కొరియా నుంచీ ఎందుకు రావాలి?

మేనకోడలు: లోహం ఒక్కటే కాదు దాని ధర. మర ఉపరితలం నున్నగా ఉంటే ఎముక అంత త్వరగా పట్టుకోదు. ఇసుక జల్లి, ఆమ్లంలో ముంచి గరుకు చేస్తారు. ఆ గరుకు ఎంత ఉండాలి, ఏళ్ళ తరబడి నోట్లో ఎలా ఉంటుంది అన్న లెక్కలు కొన్ని కంపెనీల దగ్గర ఉన్నాయి, కొన్నింటి దగ్గర లేవు. మనదేశంలో చేసేవీ ఉన్నాయి, అందులో మంచివీ ఉన్నాయి.

మామయ్య: ఇప్పుడు నా బల్ల మీదికి రా. నెలకొకడైనా వస్తాడు, చేతిలో ఊడిన క్యాపు పట్టుకుని. నోట్లో మర ఉంటుంది, లోపల స్క్రూ విరిగి ఉంటుంది. ఏ కంపెనీదయ్యా అంటే తెలియదు. ఎవరు వేశారంటే ఆ క్లినిక్కు ఇప్పుడు లేదు. ఒక్కో కంపెనీ మర లోపలి గాడి ఒక్కో ఆకారం. ఒకదానికి ఆరు మూలలు, ఇంకోదానికి నక్షత్రం, మరోదానికి శంకువు. ఒకరి స్క్రూడ్రైవరు ఇంకొకరి దాంట్లో దిగదు. ఎక్స్‌రే చూసి ఇదేమో అదేమో అని ఊహించాలి. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. బిగించుకోడానికి మాత్రం ఏ మరైనా పనికిరాదమ్మాయ్.

(దీనికి మా చెల్లెలు జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు కూడా.)

మామయ్య: ఇంకోటి. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వస్తారు. అక్కడ ఒక్క పంటికి మూడు నుంచి ఐదు వేల డాలర్లు అడుగుతారు కాబట్టి ఇక్కడ చవక. ఊళ్ళో పెళ్ళి, తిరుపతి దర్శనం, మధ్యలో నోటి నిండా పళ్ళు. ఎముక అతుక్కోడానికి కింద మూడు నెలలు, పైన నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుందని నువ్వే అంటావు. మరి మూడు రోజుల్లో పళ్ళు అన్న బోర్డులేంటి?

మేనకోడలు: అందులో అబద్ధం సగమే. పోర్చుగల్‌లో పావ్‌లో మాలో అనే డాక్టరు 1990లలో నాలుగు మరల మీద పన్నెండు పళ్ళు నిలబెట్టే పద్ధతి పట్టుకొచ్చాడు. వెనక రెండు మరలను ఏటవాలుగా దించుతాడు, కింద నరానికీ పైన ముక్కు పక్క గాలిగదికీ తగలకుండా. మర బిగుతుగా దిగితే ఆ రోజే పళ్ళు పెట్టచ్చు. కానీ ఆ రోజు పెట్టేవి తాత్కాలికం, ప్లాస్టిక్‌వి. కొన్ని నెలలు మెత్తటి తిండే తినాలి. అసలైనవి ఎముక మానాక. బోర్డు మీద మొదటి సగం రాస్తారు, రెండో సగం రాయరు. సెలవుల మీద వచ్చేవాళ్ళకి నేను చెప్పేది రెండుసార్లు రండి అని, లేదంటే వద్దు అని.

మామయ్య: పళ్ళు బాగున్నా పీకి నాలుగు మరలు వేస్తున్నారు. ఆ పీకిన పళ్ళు నాకు తెచ్చి చూపించారు ఒకాయన, డబ్బాలో వేసుకుని. అందులో సగం నిక్షేపంగా ఉన్నాయి.

మేనకోడలు: దానికి మాత్రం నీతో పాటు నేనూ తిడతా. ఒక్క పన్ను రూట్ కెనాల్‌తో నిలబడేదుంటే దాన్ని పీకి ఇంప్లాంటు వేయడం కంటే చెడ్డ పని లేదు. వరసగా పళ్ళు ఉన్న మనిషికి చిట్టచివరి దవడ పన్ను ఒకటి పోతే అసలేమీ పెట్టకపోయినా పరవాలేదు. నెదర్లాండ్స్‌లో కైజర్ అనే ప్రొఫెసరు 1980లలోనే చెప్పాడు, ఎదురెదురుగా తగిలే ఇరవై పళ్ళు ఉంటే మనిషి నమలడానికి సరిపోతాయని. జపాన్ వాళ్ళు 1989 నుంచి ఎనభై ఏళ్ళకి ఇరవై పళ్ళు అని ప్రచారం నడుపుతున్నారు. ప్రతి సందూ పూడ్చాలన్న నియమం ఎక్కడా లేదు.

మామయ్య: మీ అత్తయ్యకి ఎముకే లేదంటున్నావుగా. పొడి వేస్తావా? ఎవరి ఎముక పొడి అది?

(ఇక్కడ అత్తయ్య కూర తరగడం ఆపింది.)

మేనకోడలు: మంచి ప్రశ్నే. ఎముక తగ్గినచోట నింపే పొడుల్లో బాగా వాడేది ఆవు ఎముకతో చేసింది. అందులో జీవ పదార్థమంతా తీసేసి ఖనిజం మాత్రం ఉంచుతారు. పందిదీ ఉంటుంది, మనిషిదీ ఉంటుంది, పూర్తిగా ప్రయోగశాలలో తయారైంది కూడా ఉంటుంది. నేను ప్రతివారినీ అడిగే వేస్తాను. అడగకుండా వేసేవాళ్ళు ఉన్నారు. ముస్లిం పేషెంటుకైనా, మన ఇళ్ళలో మాంసం ముట్టనివాళ్ళకైనా అది తర్వాత తెలిస్తే ఎంత బాధ! ఏమొచ్చినా సంతకం పెట్టించుకున్నాంగా అంటారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది.

అత్తయ్య: నాకు ఆ పొడి వద్దే.

మేనకోడలు: నీకు అక్కర్లేదత్తయ్యా. అదే చెప్పబోతున్నా. దవడ వెనక భాగంలో ఎముక పోయింది, నరం కూడా పైకొచ్చేసింది. అక్కడ నేను చెయ్యి పెట్టను. కానీ ముందు భాగంలో, గడ్డం ఉన్నచోట, ఎముక గట్టిగా ఉంటుంది, చివరిదాకా మిగులుతుంది. పెదవికి పోయే నరం అప్పటికే పక్కనుంచి బయటికి వెళ్ళిపోయి ఉంటుంది. స్కాను తీశాం, మరకి చాలినంత ఎముక ఉంది. అక్కడ రెండే రెండు మరలు, కోరపళ్ళు ఉండే చోట అటొకటి ఇటొకటి. వాటి మీద చిన్న గుండ్రటి తలలు. సెట్టు అడుగున వాటికి సరిపడే చిప్పలు. పైనుంచి నొక్కితే టక్‌మని పడుతుంది, వేలితో ఎత్తితే వస్తుంది.

మామయ్య: అంటే సెట్టు ఉంటుంది?

మేనకోడలు: సెట్టు లేకుండా ఎలా? సెట్టే. నువ్వు చేసే సెట్టే. నీకు ఇంతసేపూ చెబుతున్నది అదే. 2002లో కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఈ విద్య తెలిసిన పెద్దలు కూర్చుని తేల్చారు. కింద పళ్ళన్నీ పోయిన మనిషికి ఇవ్వాల్సిన మొదటి వైద్యం ఉత్త సెట్టు కాదు, రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టు అని.

మామయ్య: 2002లో తేలితే ఇంతకాలం నా బల్ల మీదికి అలాంటి పని ఎన్ని వచ్చాయో లెక్కపెట్టచ్చు. ఎందుకు రాలేదు?

మేనకోడలు: ఎవరికీ గిట్టుబాటు కాదు గనక. నా తోటివాళ్ళకి ఆరో ఎనిమిదో వేస్తే లాభం. నీ తోటివాళ్ళకి మరలంటేనే గిట్టదు. మధ్యలో ఇది ఎవరి బోర్డు మీదా లేదు.

(నాకు ఈ వ్యాజ్యమంతటిలో విలువైన మాట ఇదే అనిపించింది. మన ఊళ్ళలో పళ్ళన్నీ పోయిన పెద్దవాళ్ళకి రెండే దారులు చెబుతారు. వదులుగా ఊగే సెట్టు, లేదంటే నాలుగైదు లక్షల నోరు. ఈ రెండింటికీ మధ్య, ఖర్చు లక్ష రూపాయలకి అటూ ఇటూ అయ్యే వైద్యం ఒకటి ఉందని చెప్పేవారు తక్కువ. చాలా ఆరోగ్య బీమాలు ప్రమాదంలో పళ్ళు విరిగితే తప్ప పంటికి పైసా ఇవ్వవు. కాబట్టి ఈ మధ్యదారి తెలియకపోతే నష్టం పెద్దవాళ్ళ జేబుకీ, నోటికీ కూడా.)

మామయ్య: రెండు తలల దగ్గరా సెట్టు ప్లాస్టిక్ పలచబడుతుంది. అక్కడే పగులుతుంది, మధ్యకి. లోపల లోహపు జాలీ వేసి పొయ్యాలి. మీ వాళ్ళు ఆ మాట చెప్పరు, పగిలాక ల్యాబువాడి పనితనం బాగోలేదంటారు.

మేనకోడలు: జాలీ వేసే చెయ్యి మామయ్యా. చిప్పల్లో నైలాన్ రింగులుంటాయి, అవి అరుగుతాయి. ఏడాదికో, ఏడాదిన్నరకో మార్చాలి. అదొక్కటే మామూలు ఖర్చు.

మామయ్య: నొప్పి ఎంతుంటుంది? నిజం చెప్పు.

మేనకోడలు: మత్తు సూది వేసి చేస్తాం, పన్ను పీకినంతే. గంటలోపు పని. రెండు మూడు రోజులు వాపు. తర్వాత రెండు మూడు నెలలు ఆగాలి, ఆ పైన తలలు బిగిస్తాను. అప్పటిదాకా పాత సెట్టు అడుగున మెత్తటి పూత వేసి వాడచ్చు.

మామయ్య: ఒకవేళ అతుక్కోకపోతే?

మేనకోడలు: తీసేసి, మానాక పక్కన ఇంకోటి వేస్తాం. లేదా సెట్టు మళ్ళీ పాత సెట్టే అవుతుంది. ఉన్న దానికంటే హీనమైతే అవ్వదు. అదే నాలుగు మరల మీద పన్నెండు పళ్ళు బిగించాక ఒకటి వదిలేస్తే మొత్తం కూలినట్టే. వయసు మీద పడిన వాళ్ళ విషయంలో ఇది ముఖ్యం.

(అప్పటిదాకా ఇద్దరూ ఆమె నోటి గురించి గంటసేపు మాట్లాడుకున్నారు, ఆమెకి ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. అత్తయ్యే కల్పించుకుంది.)

అత్తయ్య: ఒక్కటి అడుగుతానే అమ్మాయ్. ఇప్పుడు నా చేతులు ఆడుతున్నాయి, నేను తోముకుంటా. ఇంకో పదిహేనేళ్ళకి మీ అమ్మమ్మకి వణికినట్టు నాకూ చేతులు వణికితే, మనుషులు గుర్తులేక మంచాన పడితే, ఆ మరలు ఎవరు కడుగుతారు?

మామయ్య: అడిగింది చూడు అసలు ప్రశ్న.

మేనకోడలు: నిజంగా అదే అసలు ప్రశ్న. వృద్ధాశ్రమాల్లో చూశాను నేను. నోట్లో బిగించేసిన బ్రిడ్జి కింద నుంచి శుభ్రం చేయడం ఆయాకి రాదు, పేషెంటు నోరు తెరవదు. చుట్టూ పుండు పడి అన్నం మానేస్తారు. ఈ రెండు తలలైతే సెట్టు తీసి పక్కన పెట్టి, మెత్తటి బ్రష్షుతో చుట్టూ రెండుసార్లు తిప్పితే చాలు. మీ కోడలు చేయగలదు. మరీ మంచాన పడ్డాక అక్కర్లేదనిపిస్తే తలలు ఊడదీసి, చిగురు కింద మరను మూసేయచ్చు.

మామయ్య: టైటానియం 1668 డిగ్రీల దగ్గర గానీ కరగదట. చితి వేడికి అది చెక్కుచెదరదు. రేపు నీ అస్థికల్లో రెండు మరలు ఏరతాడు మనవాడు.

అత్తయ్య: కృష్ణలో కలిపెయ్యమనండి. బతికుండగా వేరుశనగ పలుకులు నమిలితే చాలు నాకు. ఆ పేరంటంలో పాట పాడుతుంటే కింది సెట్టు లేచిన రోజు నుంచీ నేను పాడటమే మానేశాను, మీ ఇద్దరిలో ఒక్కరు గమనించారా?

(గమనించలేదు. నేనూ గమనించలేదు.)

మామయ్య: సరే. వేయి. రెండే. మూడోది కనిపిస్తే ఊరుకోను. సెట్టు నేను చేస్తాను, జాలీ నేను వేస్తాను. మరల పెట్టె మీద ఉండే స్టిక్కరు నా చేతికివ్వాలి.

మేనకోడలు: ఇస్తాను. ఆర్నెల్లకోసారి నా దగ్గరికి తీసుకురావాలి, నొప్పి లేకపోయినా. అది నా షరతు.

ఇద్దరూ దేనిమీద రాజీపడ్డారో పాఠకులకి అర్థమయ్యే ఉంటుంది. మా మామయ్య మరలను ఒప్పుకోలేదు, రెంటిని భరించాడంతే. మా చెల్లెలు క్లినిక్కులో నాలుగేసి, ఆరేసి మరల కేసులు రేపూ చేస్తుంది, వాటిలో అవసరమైనవీ ఉంటాయి. ప్రమాదంలో ముందు పన్ను విరిగిన పాతికేళ్ళ కుర్రాడికి, పక్క పళ్ళు రెండూ నిక్షేపంగా ఉంటే, వాటిని అరగదీసి బ్రిడ్జి కట్టడం కంటే ఒక ఇంప్లాంటే మేలని మామయ్య కూడా ఒప్పుకుంటాడు, పైకి అనడు.

స్టిక్కరు సంగతి మాత్రం చెప్పి తీరాలి. ప్రతి ఇంప్లాంటు పెట్టెలో ఊడదీసి అంటించుకునే స్టిక్కరు ఉంటుంది. కంపెనీ పేరు, మర పొడవు, మందం, లాట్ నంబరు దాని మీద ఉంటాయి. ఒకటి డాక్టరు ఫైల్లో అంటించాలి, ఒకటి పేషెంటుకి ఇవ్వాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఇంప్లాంటు వేయించి ఉంటే, ఈ వారంలోనే ఆ క్లినిక్కుకి ఫోన్ చేసి ఆ వివరాలు రాయించుకోండి. ఆధార్ కార్డు దాచిన చోటే దాన్నీ దాచండి. పదేళ్ళ తర్వాత స్క్రూ విరిగిన రోజున దాన్ని తీయాల్సిన డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.